మందు పీల్పించి అన్నవాహిక జబ్బును తేల్చవచ్చా? మర్రిగూడ నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది మర్రిగూడ మండలం. అమ్మగారికి 56 ఏళ్లు. 14 నెలలుగా తిన్న ముద్ద రొమ్ము వెనక ఆగిపోతోంది. మొదట జొన్నరొట్టె దిగలేదు, తర్వాత అన్నం, ఇప్పుడు ఒక్కోసారి మంచినీళ్లు కూడా. 6 కిలోలు తగ్గారు. ఎండోస్కోపీలో గడ్డ ఏదీ లేదనీ, కింది ద్వారం కొంచెం బిగుతుగా ఉందనీ రాశారు. హైదరాబాద్‌లో మానోమెట్రీ, అంటే అన్నవాహికలో పీడనం కొలిచే పరీక్ష, చేయిస్తే ‘ఈజీజే అవుట్‌ఫ్లో అబ్‌స్ట్రక్షన్’ (అన్నవాహిక కడుపుతో కలిసే చోట అడ్డు) అని వచ్చింది. మింగినప్పుడు ద్వారం దగ్గర మిగిలే పీడనం, అంటే ఐఆర్‌పీ, 22. ముద్దను కిందికి నెట్టే అల కదలిక ఉంది. నొప్పి వచ్చినప్పుడు దగ్గరలోని డాక్టరు నాలుక కింద సార్బిట్రేట్ (గుండెనొప్పికి వాడే మాత్ర) పెడితే తగ్గింది కాబట్టి ‘జబ్బు ఖాయం’ అన్నారు. హైదరాబాద్‌లో మాత్రం ‘మందు పీల్పించి మళ్లీ పరీక్ష చేద్దాం, లేదంటే నేరుగా పోయెమ్ చేసేద్దాం’ అన్నారు. పోయెమ్ అంటే నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి ఆ ద్వారం కండరాన్ని కోసే చికిత్స. ఏది నమ్మాలో చెప్పమంటున్నారు. చివర్లో ఒక్క వాక్యం రాశారు: కీళ్ల నొప్పులకు మూడేళ్లుగా ట్రమడాల్ మాత్రలు వాడుతున్నారని. మీరు ఆఖరున రాసిన ఆ వాక్యమే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఈ పరీక్షల వెనక ఉన్న తర్కం చెప్పాలి. అది తెలిస్తే రేపు డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

నేను జీర్ణకోశ వైద్యుడిని. హైదరాబాద్‌లో మానోమెట్రీ గదిలో తొమ్మిదేళ్లు పనిచేసి, ఇప్పుడు నల్లగొండలో రోగులను చూస్తున్నాను.

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. దాని అడుగున, కడుపులోకి దిగే చోట ఒక కండర వలయం ఉంటుంది. మన ఊరి చెరువు తూము లాంటిది అది. మామూలు వేళల్లో మూసే ఉంటుంది, లేకపోతే కడుపులోని ఆమ్లం పైకి తన్నుతుంది. మనం మింగినప్పుడు మాత్రం తెరుచుకోవాలి. తూము తెరిచేందుకు ఊళ్లో నీరటి ఉన్నట్టే ఇక్కడా కొన్ని నాడీకణాలున్నాయి. అవి నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని వదిలి కండరాన్ని వదులు చేస్తాయి. పక్కనే వాటికి ఎదురు పనిచేసే కణాలూ ఉంటాయి. అవి అసిటైల్‌కోలిన్‌తో కండరాన్ని బిగిస్తాయి. అకలేషియా అనే జబ్బులో చచ్చిపోయేది నీరటి. మూసేవాడు మాత్రం బాగానే ఉంటాడు. అందుకే ముద్ద వచ్చి తూము దగ్గర నిలబడిపోతుంది.

ఇక్కడే చిక్కు. తూము తెరుచుకోలేదంటే నీరటి లేకపోయి ఉండవచ్చు, తూములో రాయి ఇరుక్కుని ఉండవచ్చు. పైనుంచి చూస్తే రెండూ ఒకటే, నీళ్లు దిగవు. మానోమెట్రీ కూడా చాలావరకు పైనుంచి చూడటమే. ముక్కు ద్వారా సన్నని గొట్టం దింపుతారు. దానిమీద సెంటీమీటరుకు ఒకటి చొప్పున 36 సెన్సర్లు ఉంటాయి. 5 మిల్లీలీటర్ల నీళ్లు పదిసార్లు మింగిస్తారు. మింగిన తర్వాత పది సెకన్లలో ద్వారం అన్నిటికంటే వదులుగా ఉన్న నాలుగు సెకన్ల సగటు పీడనమే ఐఆర్‌పీ. ఎక్కువ చోట్ల వాడే యంత్రంలో పడుకోబెట్టి చూసినప్పుడు 15 దాటితే ఎక్కువ, కూర్చోబెట్టి చూసినప్పుడు 12 దాటితే ఎక్కువ. అమ్మగారికి 22 అంటే ద్వారం సరిగా తెరుచుకోవడం లేదని మాత్రమే. ఎందుకు తెరుచుకోవడం లేదో ఆ అంకె చెప్పదు. అల కదలిక ఉంది కాబట్టి అకలేషియా అని రాయలేరు. ద్వారం బిగుసుకుంది కాబట్టి బాగుందనీ రాయలేరు. మధ్యలో మిగిలినదానికి పెట్టిన పేరే ఈజీజే అవుట్‌ఫ్లో అబ్‌స్ట్రక్షన్. నా దృష్టిలో అది రోగం పేరు కాదు, ఇంకా జవాబు దొరకని ప్రశ్న పేరు. ఇది చూసి వెంటనే కత్తి పట్టుకోవద్దనే అన్నవాహిక కదలిక జబ్బులను విడదీసి చెప్పే చికాగో వర్గీకరణ 2021లో వచ్చిన నాలుగో రూపంలో నిబంధనలు గట్టి చేశారు. పడుకున్నప్పుడూ కూర్చున్నప్పుడూ రెండుసార్లూ పీడనం ఎక్కువుండాలి. అలతో పాటు ముద్ద దగ్గర పీడనం పెరగాలి. మింగలేకపోవడమో ఛాతీనొప్పో ఉండాలి. బేరియం తాగించి ఎక్స్‌రే తీసే పరీక్షలోనో ఫ్లిప్ అనే బెలూన్ పరీక్షలోనో కూడా అడ్డు కనిపించాలి. మీ రిపోర్టులో కూర్చోబెట్టి చేశారో లేదో మీరు రాయలేదు. అది తప్పకుండా చూడండి.

రాయా, నీరటా అని తేల్చడానికే మందు పరీక్షలు పుట్టాయి. వాటి చరిత్ర కొంచెం చెప్పాలి, ఎందుకంటే మొదటి పరీక్ష రోగులను చాలా బాధపెట్టింది. నరం తెగిన కండరం ఆ నరం వదిలే రసాయనానికి మామూలు కంటే ఎక్కువగా స్పందిస్తుందని వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త చెప్పారు. దాని ఆధారంగా 1951లో క్రేమర్, ఇంగెల్ఫింగర్ అనే ఇద్దరు వైద్యులు అసిటైల్‌కోలిన్ లాగే పనిచేసే మెథాకోలిన్ ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. మామూలు మనుషుల అన్నవాహిక పెద్దగా పట్టించుకోలేదు. అకలేషియా రోగుల అన్నవాహిక మాత్రం గట్టిగా బిగుసుకుపోయింది. ఆలోచన గొప్పదే. కానీ ఆ రోగులకు భరించలేని ఛాతీనొప్పి, వాంతులు వచ్చేవి. రోగనిర్ధారణ కోసం మనిషిని అంత బాధపెట్టడం న్యాయం కాదని క్రమంగా వదిలేశారు. తర్వాత గుండెది కాని ఛాతీనొప్పిని రప్పించి చూడటానికి ఎడ్రోఫోనియం, ఎర్గోనోవిన్ వంటివి వాడారు. ఎర్గోనోవిన్ గుండె రక్తనాళాలనే బిగించగలదు. అంటే పరీక్షే ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం. ఈ రోజు ఎవరైనా మీకు ఆ పేరు చెబితే వద్దనండి.

ఇప్పటికీ విలువ ఉన్న మందులు రెండు. మొదటిది అమైల్ నైట్రైట్, మీకు చెప్పిన పీల్చే మందు అదే. 1867లో లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు దీన్ని గుండెనొప్పికి వాడారు. అంత పాత మందు. పీల్చగానే అది శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనే చేస్తుంది. నరాన్ని అడగదు, నేరుగా కండరాన్ని వదులు చేస్తుంది. అంటే నీరటితో పని లేకుండా తూము తలుపును మనమే పైకి లాగినట్టు. లాగితే తెరుచుకుంటే రాయి లేదన్నమాట, తెరిచే మనిషే లేడు. లాగినా తెరుచుకోకపోతే అక్కడ ఏదో గట్టిది ఉంది.

ఆ గదిలో ఏం జరుగుతుందో చెబుతాను, అమ్మగారు భయపడకుండా ఉంటారు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు చేసిన పరీక్ష నాకు బాగా గుర్తుంది. తెరమీద పీడనం రంగుల్లో కనిపిస్తుంది. తక్కువైతే నీలం, పెరిగితే పసుపు, ఇంకా పెరిగితే ఎరుపు. ఆవిడ ద్వారం దగ్గర ఒక మందపాటి ఎర్రటి పట్టీ అడ్డంగా ఉంది. నీళ్లు మింగినా అది పసుపులోకి కూడా దిగలేదు. మంచం తల వంచి, రక్తపోటు చూసి, మందు వాసన మూడు నాలుగుసార్లు పీల్చమన్నాం. ముందు ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. గుండె వేగం పెరిగింది. ‘తల బరువెక్కింది బిడ్డా’ అన్నారు. అర నిమిషం లోపే ఆ ఎర్రటి పట్టీ మధ్యలో పలచబడి, పసుపై, ఆకుపచ్చై, నీలంలో కలిసిపోయింది. కొద్దిసేపటికి కండరం మళ్లీ బిగిసి ఎరుపు తిరిగి వచ్చింది. మింగినప్పుడు తెరుచుకోని తలుపు మందుకు తెరుచుకుంది. ఆవిడ తూములో రాయి లేదనీ, సడలింపే దెబ్బతిన్నదనీ అక్కడే తేలింది. మింగినప్పుడు మిగిలే పీడనానికీ, మందు పీల్చాక మిగిలే పీడనానికీ తేడా చూస్తాం. అది 10 మిల్లీమీటర్ల పాదరసం కంటే ఎక్కువగా ఉంటే మింగినప్పుడు జరగాల్సిన సడలింపు దెబ్బతిన్నదనే అనుకోవాలి. ఆరోగ్యవంతుల్లో తేడా తక్కువ వస్తుంది, ఎందుకంటే వారి ద్వారం మింగితేనే తెరుచుకుంటుంది. రాయి ఉన్నవారిలోనూ తేడా తక్కువే, కాకపోతే రెండు పీడనాలూ ఎక్కువగానే ఉంటాయి.

ఈ మందునే బేరియం తాగించి ఎక్స్‌రే తీసేటప్పుడు వాడవచ్చని 1986లోనే డాడ్స్ అనే వైద్యుడి బృందం చూపించింది. అకలేషియాలో మందు పీల్చాక కింది ద్వారం వెడల్పవుతుంది. అకలేషియాలా నటించే క్యాన్సర్‌లో వెడల్పు కాదు. 56 ఏళ్ల మనిషి బరువు తగ్గుతున్నప్పుడు నన్ను నిద్రపోనివ్వని అనుమానం అదే, కాబట్టి దీన్ని దాటవేయను. కడుపు పైభాగంలో గోడ లోపల పాకే క్యాన్సర్ ఎండోస్కోపీకి చిక్కకుండా, పైపొర నున్నగా కనిపిస్తూనే ద్వారాన్ని బిగించగలదు. పెద్ద వయసు, తక్కువ కాలంలో ముదిరిన ఇబ్బంది, బాగా తగ్గిన బరువు, ఈ మూడూ కలిస్తే మందు పరీక్ష ఒక్కదానిమీద ఆధారపడకూడదు. సీటీ స్కాన్, వీలైతే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేయించాలి. అమ్మగారి ఇబ్బంది 14 నెలలుగా నెమ్మదిగా పెరిగింది, అది కొంత ధైర్యం. అయినా సీటీ అవసరమనే అంటాను.

రెండో మందు కొలిసిస్టోకైనిన్. దాని తర్కం నాకు చాలా ఇష్టం. ఈ హార్మోను ఒకేసారి రెండు పనులు చేస్తుంది. కండరాన్ని నేరుగా బిగించమంటుంది, తెరిచే నరాన్ని కూడా లేపుతుంది. అంటే నీరటినీ, మూసేవాడినీ ఒకేసారి పిలిచినట్టు. ఆరోగ్యంగా ఉన్నచోట నీరటిదే పైచేయి, ద్వారం వదులవుతుంది. నీరటి చచ్చిపోయిన చోట మూసేవాడు ఒక్కడే వస్తాడు, ద్వారం వదులయ్యే బదులు ఇంకా బిగుస్తుంది. ఈ తలకిందుల స్పందనను 1981లో డాడ్స్ బృందమే ప్రచురించింది. అమైల్ నైట్రైట్ కండరం సంగతి చెబుతుంది, కొలిసిస్టోకైనిన్ నరం సంగతి చెబుతుంది. రెండూ కలిస్తేనే కథ పూర్తవుతుంది. చికాగో వర్గీకరణ కూడా వీటిని తోడు పరీక్షలుగానే గుర్తించింది, తీర్పు చెప్పే పరీక్షలుగా కాదు. ఈ రెండు మందులూ అన్ని కేంద్రాల్లో దొరకవు, కాబట్టి మీ డాక్టరు దగ్గర ఉందంటే అది మంచి అవకాశమే.

ఇప్పుడు సార్బిట్రేట్ సంగతి. దానికి నొప్పి తగ్గింది కాబట్టి అన్నవాహిక జబ్బు ఖాయమన్న మాట తప్పు. నాలుక కింద మాత్ర గుండె రక్తనాళాలనూ వదులు చేస్తుంది, అన్నవాహిక కండరాన్నీ వదులు చేస్తుంది. పైగా చాలా నొప్పులు వాటంతట అవే తగ్గుతాయి. ఛాతీనొప్పితో వచ్చినవారికి సార్బిట్రేట్ జాతిదే అయిన నైట్రోగ్లిసరిన్ ఇచ్చి చూసిన ఒక పరిశోధన 2003లో వచ్చింది. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారిలో 35 శాతానికి నొప్పి తగ్గింది, జబ్బు లేనివారిలో 41 శాతానికి తగ్గింది. అంటే ఆ ఊరట ఏమీ తేల్చలేదు. కాబట్టి అమ్మగారికి ఈసీజీ, అవసరమైతే గుండె పరీక్షలు చేయించారా అని అడుగుతున్నాను. చేయించకపోతే ముందు అదే చేయించండి. తెరమీద పీడనం కొలుస్తూ మందు ఇవ్వడం వేరు, కొలత లేకుండా మాత్ర ఇచ్చి ‘తగ్గిందా అమ్మా’ అని అడగడం వేరు. మొదటిది పరీక్ష. రెండోది చికిత్స, అంతకు మించి కాదు.

గ్యాస్ మాత్రల విషయంలోనూ ఇదే జరుగుతుంది. పాంటాప్‌తో తగ్గితే గ్యాస్, తగ్గకపోతే నరాల జబ్బు అని తేల్చేస్తారు. ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనే అలర్జీ లాంటి జబ్బులోనూ ముద్ద ఆగిపోతుంది. ఆమ్లం తగ్గించే మాత్రలకు తగ్గితే అది ఈ జబ్బు కాదని వైద్యులమే ఒకప్పుడు అనుకున్నాం. ఆ మాత్రలకే తగ్గే అసలు రోగులున్నారని తేలాక 2018లో ఆ షరతు తీసేశారు. ఈ జబ్బు తేలాలంటే అన్నవాహిక నుంచి ముక్కలు తీసి చూడాలి. ఎండోస్కోపీ చేసినప్పుడు బయాప్సీ తీశారా? గడ్డ లేకపోతే తీయనవసరం లేదనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. మింగలేని రోగి విషయంలో అది పొరపాటు.

ఇక ట్రమడాల్. మన నల్లగొండ జిల్లాలో, ముఖ్యంగా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు, బావుల్లోని ఫ్లోరైడు ఎముకలను ఎంత దెబ్బతీసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. నడుము వంగక, మెడ తిరగక ఏళ్ల తరబడి నొప్పి మాత్రల మీద బతుకుతున్నవారిని రోజూ చూస్తున్నాను. ఆ మాత్రల్లో ట్రమడాల్ ఒకటి. అది నల్లమందు జాతికి చెందినది. ఆ జాతి మందులు అన్నవాహిక నరాల మీద పనిచేసి, నైట్రిక్ ఆక్సైడ్ వదలకుండా అడ్డుపడతాయి. నీరటి చచ్చిపోలేదు, మత్తులో పడుకున్నాడు. తూము తెరుచుకోదు, ఐఆర్‌పీ పెరుగుతుంది, రిపోర్టులో అవుట్‌ఫ్లో అబ్‌స్ట్రక్షన్ అనే వస్తుంది. ఒక్కోసారి అకలేషియా మూడో రకంలా, అంటే అన్నవాహిక పట్టేసి బిగుసుకునే రకంలా, కూడా కనిపిస్తుంది. ఆక్సికోడోన్ వంటి గట్టి మందులతో పోలిస్తే ట్రమడాల్ ప్రభావం తక్కువే, కానీ లేకపోలేదు.

ఇప్పుడు పీల్చే మందు పరీక్షను అమ్మగారికి ఊహించండి. ట్రమడాల్ మీద ఉండగా పరీక్ష చేస్తే ద్వారం చక్కగా తెరుచుకోవచ్చు. అప్పుడు ‘కండరం బాగుంది, సడలింపే లోపం, ఇది అకలేషియా తొలి దశ, పోయెమ్ చేద్దాం’ అనిపిస్తుంది. కానీ అమైల్ నైట్రైట్ నరాన్ని దాటి నేరుగా కండరం దగ్గరికి పోతుంది కదా. నరం చచ్చిపోయిందో, పడుకుందో దానికి తెలియదు. అమ్మగారి విషయంలో అసలు తేల్చాల్సింది అదే. కాబట్టి నా సలహా: ఆమెకు ముందు చేయాల్సిన మందు పరీక్ష మందు ఇవ్వడం కాదు, మందు తీసేయడం.

దీన్ని చదివి ఈ రాత్రి నుంచే మాత్ర ఆపేయకండి. మూడేళ్లు వాడిన ట్రమడాల్ ఒక్కసారిగా ఆపితే చెమటలు, ఒళ్లునొప్పులు, విరేచనాలు, నిద్రలేమి, ఆందోళన వస్తాయి. మాత్ర రాసిన డాక్టరుతో మాట్లాడి మోతాదు మెల్లగా తగ్గించాలి. నొప్పికి వేరే ఏర్పాటు చేయాలి. పారాసెటమాల్, పైపూతలు, ఫిజియోథెరపీ ఏవి సరిపోతాయో ఆయన చూడాలి. పూర్తిగా ఆగిన తర్వాత మానోమెట్రీ మళ్లీ చేయించండి, ఈసారి కూర్చోబెట్టి కూడా. గబగబా ఒక గ్లాసు నీళ్లు తాగించి చూసే భాగం కూడా చేయమనండి. పడుకున్నప్పటి ఐఆర్‌పీ అప్పుడు 15 లోపుకు దిగితే మీ అమ్మగారు ఒక కోత తప్పించుకున్నట్టే. దిగకపోతే అప్పుడు అమైల్ నైట్రైట్ పరీక్షకు అసలైన అర్థం ఉంటుంది. ఈలోగా సీటీ, టైమ్డ్ బేరియం పరీక్ష ఆగనవసరం లేదు. బేరియం తాగి నిలబడ్డాక 1, 2, 5 నిమిషాలకు తీసే ఎక్స్‌రేల్లో బేరియం ఎంత ఎత్తున నిలిచిందో కొలుస్తారు. అది చవక, నొప్పి లేదు, చాలా విషయం చెబుతుంది.

పోయెమ్ మంచి చికిత్స కాదని నేను అనడం లేదు. 2008లో జపాన్‌లో ఇనౌయే మొదలుపెట్టినప్పటి నుంచి అకలేషియా రోగుల బతుకులు మార్చింది. కానీ కోసిన కండరం తిరిగి రాదు. తర్వాత చాలామందికి ఆమ్లం పైకి తన్నే బాధ ఉంటుంది. అవసరం రుజువైన తర్వాత చేయించుకోవాలి. బోటాక్స్ 100 యూనిట్లు ద్వారంలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చి ‘తగ్గితే అప్పుడు కోద్దాం’ అనే పద్ధతి కూడా ఉంది. శస్త్రచికిత్స తట్టుకోలేని వృద్ధులకు అది ఉపయోగమే. దాని ఊరట కొన్ని నెలలే ఉంటుంది. మళ్లీ మళ్లీ ఇస్తే ఆ చోట పొరలు అంటుకుని తర్వాతి కోత కష్టమవుతుంది. రోగనిర్ధారణ కోసం మాత్రమే అయితే అమ్మగారికి నేను చేయను.

పీల్చే మందుకు వెళ్లే రోజు వస్తే డాక్టరుకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. రక్తపోటు తక్కువగా ఉండటం, గుండె కవాటం సన్నబడటం, గ్లకోమా, బాగా రక్తం తక్కువగా ఉండటం ఉంటే దాచవద్దు. మగ రోగులైతే సిల్డెనఫిల్, టడలఫిల్ వాడారా అన్నది సిగ్గుపడకుండా చెప్పాలి, వాటిలో ఏదైనా ఈ పీల్చే మందుతో కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి ఇది చదువుతున్నవారికి మరో మాట. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం వంటివి కలుస్తాయని తెలిసిందే. రోజూ ఆ కల్లు తాగే మనిషి పరీక్ష కోసమని ఒక్కసారిగా మానేసి ఆసుపత్రిలో చేరితే ఫిట్స్ రావచ్చు. ఆ సంగతి ముందే చెప్పండి, ఎవరూ తప్పు పట్టరు.

సార్బిట్రేట్, రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్, డాంపెరిడాన్ వంటివి కూడా పీడనాన్ని మారుస్తాయి. ఏది ఎన్ని రోజులు ఆపాలో, ఏది ఆపకూడదో పరీక్ష చేసేవారే చెప్పాలి. ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, ఖాళీ అట్టలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఆయుర్వేదం పొట్లాలు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా వేయండి. ఈలోగా అమ్మగారికి రొట్టె పెట్టవద్దు. జావ, పలచటి పప్పన్నం కూర్చోబెట్టి కొద్దికొద్దిగా పెట్టండి, తిన్న తర్వాత మూడు గంటలు పడుకోనివ్వవద్దు. నీళ్లు కూడా అసలే దిగకపోయినా, రాత్రి దగ్గుతో లేచి ఊపిరాడకపోయినా, నల్లటి విరేచనం అయినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. బేరియం, సీటీ రిపోర్టులు వచ్చాక, కూర్చోబెట్టి చేసిన ఐఆర్‌పీ ఎంతో ఇక్కడే రాయండి. చూసి చెబుతాను.